ఒకే రేవు, రెండు వేళలు

శ్రోతలకు నమస్కారం.

చేపల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళని అడిగి చూడండి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచేది ఏ వేళలో అని. తెల్లవారుజామున అంటారు. పగలు నాచూ నీటి మొక్కలూ ఆక్సిజన్ వదులుతాయి. చీకటి పడితే ఆ పని ఆగిపోతుంది. ఊపిరి పీల్చడం మాత్రం ఎవరికీ ఆగదు: చేపలకీ, మొక్కలకీ, అడుగున కుళ్ళే ఆకుల మీద బతికే సూక్ష్మజీవులకీ. అందుకే పొద్దు పొడిచే ముందు నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ పుస్తకంలో రెండు పాఠాలు. చెరువులో ఒకటే.

ఆ పాఠం చెప్పాలంటే టీచర్లు బడిపిల్లల్ని చెరువుకి ఒక్కసారి తీసుకెళితే చాలదు, అది షికారు అవుతుంది. అదే రేవులో అదే మెట్టు మీద నుంచి ఉదయం ఆరున్నరకోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి నీళ్ళలో ఆక్సిజన్ కొలిపించండి.

ఆక్సిజన్ కొలిచే కిట్లు రొయ్యల చెరువులకు మందులమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. ఇక్కడ తప్పంతా సీసా నింపడంలోనే జరుగుతుంది. సీసాని నీళ్ళలో పూర్తిగా ముంచి, మెల్లగా వంచి నింపి, మూత కూడా నీళ్ళలోనే బిగించాలి. లోపల ఒక్క గాలిబుడగ మిగిలినా లెక్క పెరిగిపోతుంది. కిట్‌లోని మొదటి రెండు మందులు రేవు దగ్గరే సీసాలో వేయాలి. బడికి తీసుకెళ్ళాక వేద్దామంటే దారిలోనే ఆక్సిజన్ మారిపోతుంది. తెల్లటి మడ్డి దిగితే ఆక్సిజన్ దాదాపు లేనట్టే, గోధుమ రంగు ముదిరేకొద్దీ ఎక్కువ ఉన్నట్టు. ఆ మందుల్లో ఘాటైన క్షారం, ఆమ్లం ఉంటాయి కాబట్టి చేతి తొడుగులు వేసుకుని టీచరే పోయాలి.

పక్కనే ఉష్ణోగ్రతా రాయించండి. గాలి నుంచి మంచినీళ్ళు 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అయినా పచ్చటి చెరువులో మధ్యాహ్నం అంతకు మించి రావచ్చు. పిల్లలు కొలత తప్పిందనుకుంటారు. తప్పలేదు, ఆక్సిజన్ గాలిలోకి పోయేదానికంటే వేగంగా నాచు దాన్ని వదులుతోంది.

ఇక నీళ్ళ తేట. 1865లో ఇటలీకి చెందిన సెక్కీ అనే మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త వాడిన పద్ధతి ఇది. 20 సెంటీమీటర్ల గుండ్రటి రేకుని నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపూ తెలుపూ ఎనామిల్ వేయండి. నడిమధ్య చిల్లులోంచి తాడు పోనిచ్చి, కింద అరకిలో రాయి కట్టండి. ప్రతి 10 సెంటీమీటర్లకీ రంగు దారం ముడి. నూలు తాడు వద్దు, తడిస్తే పొడవు మారుతుంది. నైలాన్ వాడండి. నీడ పడే వైపు దించి, కనుమరుగైన లోతు ఒకటి, పైకి లాగుతుంటే మళ్ళీ కనిపించిన లోతు ఒకటి రాసి, సగటు తీయాలి. తాడు ఏటవాలుగా పోతే కొలత చెడుతుంది. బిళ్ళ అడుగుకి తగిలినా ఇంకా కనిపిస్తుంటే, తేట కొలవడానికి అక్కడ లోతు చాలదని రాయించండి. సున్నా పెట్టించొద్దు.

పిల్లలెవరూ నీళ్ళలోకి దిగొద్దు, పాచి పట్టిన మెట్టు ఎక్కొద్దు. అయిదారుగురికి ఒక పెద్ద మనిషి ఉండాలి. ముగిశాక సబ్బుతో చేతులు కడగాలి.

గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు పక్షుల చెరువు దగ్గర మాత్రం సీసాలూ బిళ్ళలూ బయటికి తీయకండి, గూళ్ళలోని పక్షులు బెదురుతాయి. దూరం నుంచి చూసినా పాఠానికి కొదవ లేదు. చెట్ల మీది గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ వేసే రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి. అవి పడ్డ నీళ్ళలో నాచుకి ఎరువు వేసినట్టే. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని చాలామంది పిల్లలకి చెబుతుంటారు, అది పొరపాటు. చలికి ఉత్తర దేశాల నుంచి వలస వచ్చే పక్షి ఇక్కడ మేత మేసి, గూడు కట్టడానికి సొంత చోటుకి తిరిగి వెళుతుంది. ఇవి ఇక్కడే గూడు కట్టి ఇక్కడే పిల్లల్ని లేపుతున్నాయి. ఆ మాట మీరు చెప్పేయకండి. కొమ్మ మీది గూడు చూపించి, ఇది ఎవరి ఊరని పిల్లల్నే అడగండి.