ఎత్తి తాగే చెంబు, దించాల్సిన గడ్డం

వ్యాఖ్యాత: నమస్కారం. తిరుపతి నుంచి వస్తున్న ఈ పాడ్‌కాస్ట్‌లో ఈరోజు, పక్షవాతం తరువాత మింగడం కష్టమైనవారిని ఎలా కూర్చోబెట్టి తినిపించాలో, మింగుడు సమస్యలకు చికిత్స చేసే మేడంగారిని అడుగుతున్నాను. మేడం, మా పెదనాన్నకు నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతోంది. ఎవరో తలచుకుంటున్నారంటూ ఇంట్లోవాళ్లు మాడు మీద తడుతున్నారు.

చికిత్సకురాలు: రోజుకు పదిసార్లు తలచుకునేవారు ఎవరుంటారండీ! ఆయన చెంబు ఎత్తి తాగుతారా?

వ్యాఖ్యాత: ఎంగిలవుతుందని పెదవికి తగలనివ్వరు.

చికిత్సకురాలు: చిక్కంతా అక్కడే ఉంది. తల వెనక్కి వాలిస్తే నీరు నాలుక అదుపు తప్పి గొంతులోకి జారుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి శ్వాసమార్గం క్షణంలో మూసుకుంటుంది గాని, పక్షవాతం తరువాత అది ఆలస్యమైతే ఆ నీరు ఊపిరితిత్తుల వైపు పోతుంది. గడ్డం ఛాతీ వైపు దించి మింగినప్పుడు నాలుక మొదలు గొంతు వెనుక గోడకు దగ్గరై, శ్వాసమార్గపు ద్వారం ఇరుకవుతుంది. వీపు వంచనక్కరలేదు, చొక్కా గుండీ చూసుకున్నట్టు మెడ వంచితే చాలు.

వ్యాఖ్యాత: మా పెద్దమ్మ ఎప్పుడూ నిలబడే తినిపిస్తుంది.

చికిత్సకురాలు: అలాగైతే ఆయన తలెత్తక తప్పదు. ఆమె ఆయన కళ్లకన్నా కొంచెం కిందుగా కూర్చోవాలి. ఆయన దిండ్లకు జారగిలబడకుండా, పాదాలు నేలకు ఆనించి కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. తిన్నాక కూడా అరగంట అలాగే ఉండాలి. సన్నటి గ్లాసులో నీళ్లు అడుగంటేకొద్దీ తల వెనక్కి పోతుంది కాబట్టి చెంచా మేలు.

వ్యాఖ్యాత: గొంతులో ఎడమవైపు బలహీనమైతే తల ఎటు తిప్పాలి?

చికిత్సకురాలు: చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎడమవైపుకే తిప్పాలి. అప్పుడు ఆ వైపు దారి మూసుకుని, ముద్ద బలమైన కుడివైపు నుంచి దిగుతుంది. తల పక్కకు వంచమన్నప్పుడు మాత్రం బలమైన వైపుకే వంచాలి, ఎందుకంటే బరువు వల్ల ఆహారం అటే జారుతుంది. అయితే చేయి పడిపోయిన వైపే గొంతూ బలహీనమైందని ఇంట్లో ఊహించకూడదు.

వ్యాఖ్యాత: గడ్డం దించడం అందరికీ పనికొస్తుందా?

చికిత్సకురాలు: పనికిరాదు. పెదవులు సరిగా మూసుకోనివారికి ఆహారం బయటికి కారిపోతుంది. గొంతు అడుగున ఆహారం నిలిచిపోయేవారికి అది శ్వాసమార్గంలోకి ఒలికే ప్రమాదం ఉంది. పైగా కొందరికి పొరపాటున లోపలికి పోయినా దగ్గు రాదు. అందుకే బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీసి, ఏ భంగిమ ఎవరికి నప్పుతుందో చూస్తాము. 2008లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, మతిమరుపు వ్యాధి లేదా పార్కిన్సన్స్ ఉన్న 515 మందిని మూడు నెలలు గమనించారు. గడ్డం దించి తాగినవారికీ, చిక్కబరచిన ద్రవాలు తాగినవారికీ నిమోనియా విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

వ్యాఖ్యాత: మరి రాగి సంగటి?

చికిత్సకురాలు: మన సీమలో సంగటిని నమలము, ముద్దకు ముద్ద మింగేస్తాము; అది గట్టి గొంతు చేసే పని. రసం అన్నంతోనూ జాగ్రత్త అవసరం, మెతుకులు నములుతుండగానే రసం ముందు జారిపోతుంది.

వ్యాఖ్యాత: తీర్థం మానమంటే మాత్రం ఆయన వినరు మేడం.

చికిత్సకురాలు: పరీక్షలో నీళ్లు ఫరవాలేదని తేలితే మానక్కరలేదు. అరచేతిలోంచి తలెత్తి ఒంపుకోకుండా, చెంచాతో నాలుక మీద వేసి, గడ్డం దించాక మింగమనండి.

వ్యాఖ్యాత: పూజగదిలో ఉద్ధరిణి ఉంది. దానితో పోస్తే ఒప్పుకుంటారు.