ఆ కాగితం మీద నంబరు చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారనుకోలేదు. మీరు రాసిచ్చిన చీటీలు చూశాను. సగానికి పైగా ఒకటే ప్రశ్న: "స్టేషన్ నుంచి నోటీసు వచ్చింది, వెళ్తే లోపలేస్తారా?"

బెంగళూరులో మన తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. కన్నడ లిపి మన లిపిలాగే ఉంటుంది కదా, బస్సు బోర్డులు చదివేస్తాం. నోటీసూ చదివేశామనుకుంటాం. పోయినేడాది మా హిందూపురం కుర్రాడొకడు నోటీసు జేబులో పెట్టుకొచ్చాడు. నాలుగు మడతలు, చెమటకు తడిసి మెత్తబడిపోయింది. "అన్నా, యాక్సిడెంట్ కేసు, సాక్ష్యానికి పిలిచారు" అన్నాడు. విప్పి చూస్తే వాడి పేరు పక్కన 'ఆరోపి' అని ఉంది. మనం ముద్దాయి అనేవాణ్ణి ఇక్కడ ఆరోపి అంటారు. వాడు ఆ మాట చక్కగా చదివాడు, ఆరోపణ చేసినవాడు అనుకున్నాడట!

అందుకే ముందు సెక్షన్ నంబరు చూడండి. పోలీసులూ కోర్టులూ కేసు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 2024 జులై 1 నుంచి పోయి, దాని బదులు బీఎన్ఎస్ఎస్ వచ్చింది. అందులో 179 అంటే మామూలుగా సాక్షిగా పిలిచినట్టు. ఆ నోటీసుతో ఆడవాళ్లనీ, 60 దాటినవాళ్లనీ స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. 35(3) అని ఉంటే మీ మీద ఫిర్యాదో అనుమానమో ఉన్నట్టు. హడలిపోకండి, అరెస్టు అక్కర్లేదనుకున్నప్పుడు ఇచ్చే నోటీసే అది. పిలిచినప్పుడల్లా వెళ్తుంటే ఆ కేసులో అరెస్టు చేయకూడదు, చేయాలంటే కారణం రాసిపెట్టాలి. టెన్షన్‌తో ఫోన్ ఆపేసి ఊరెళ్లిపోయారా, అప్పుడే అసలు ఇబ్బంది.

ఈ 35(3) నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని 'డిజిటల్ అరెస్టు' అంటే వాడు దొంగే. ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

అరెస్టు చేస్తే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. ఇది సినిమాలు చూసి అందరికీ తెలుసు. సినిమాల్లో చూపించనిది జామీను కథ.

మన దగ్గర జామీను అంటే పూచీ. ఇక్కడ బెయిల్‌నే జామీను అంటారు. "జామీను ఆయ్తు" అని గుమాస్తా అనగానే ఇంటివాళ్లు స్వీట్లు తెచ్చేస్తారు. సాయంత్రమైనా మనిషి రాడు. ష్యూరిటీ, అంటే పూచీ పడే మనిషి, ఏడీ? ఖాతా (ఆస్తి పన్ను రికార్డు) ఉన్న ఇల్లో, పహణీ ఉన్న పొలమో చూపించే మనిషిని తెమ్మంటారు. మన పొలం కదిరిలో, మన స్నేహితులంతా అద్దె ఇళ్లలో. ఇలాంటప్పుడు ష్యూరిటీ బదులు డబ్బు డిపాజిట్ కడతామని లాయర్‌తో అడిగించండి, కోర్టు ఒప్పుకోవచ్చు. బెయిలబుల్ కేసయితే, అంటే బెయిలు హక్కుగా దొరికే కేసయితే, ష్యూరిటీ తేలేని పేదవాణ్ణి సొంత బాండు (తనే రాసిచ్చే హామీపత్రం) మీదే వదలాలి. అరెస్టయిన వారంలోగా తేలేకపోయాడంటే అతను పేదవాడనే లెక్క అని చట్టమే చెబుతోంది. కోర్టు గేటు బయట "ష్యూరిటీ మేం చూసుకుంటాం" అనేవాళ్లను మాత్రం నమ్మకండి. దొంగ కాగితాలని తేలితే ఉన్న కేసుకు తోడు ఇంకో కేసు.

లాయర్‌కు డబ్బు లేకపోతే ఉచిత న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ, కస్టడీలో ఉన్నవాళ్లకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

ఇక చీటీలు. మొదటిది చెక్ బౌన్సు. నోటీసులు వెంట తెచ్చుకున్నవాళ్లు ఈలోగా ముందు వరసలోకి రండి, కళ్లజోడు తెచ్చుకున్నాను.