ఒక్క ప్రశ్న, ఒక బండినిండా వాదనలు

(తెర మీద: కర్ర ఊతంతో నడుస్తున్న ముసలావిడ)

నడుం వంగిపోయిన ఒక ముసలావిడ కర్ర పట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతోంది. జుమ్మన్‌కి ఆవిడ పిన్నమ్మ వరస. చివరిదాకా చూసుకుంటానని చెప్పి ఆస్తి రాయించుకున్నాడు. రిజిస్ట్రీ అయ్యాక కడుపునిండా తిండి కూడా పెట్టడం లేదు. పంచాయతీకి వచ్చి న్యాయం చెప్పమని ఆవిడ కనిపించిన ప్రతివాళ్లనూ అడుగుతోంది. ఆఖరికి అల్గూ చౌదరి గుమ్మం ముందుకు వచ్చింది. అల్గూ, జుమ్మన్ ప్రాణస్నేహితులు.

ఇది 1916లో ప్రేమ్‌చంద్ రాసిన ‘పంచ్ పరమేశ్వర్’.

అల్గూ రానని అనడు. "వస్తాను గానీ నోరు విప్పను" అంటాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. అతను అబద్ధం చెప్పలేదు, ఎవరినీ మోసం చెయ్యలేదు. ఊరుకుంటానన్నాడు, అంతే. మనలో చాలామందిమి ఏదో ఒకరోజు అన్న మాటే ఇది. అప్పుడా పిన్నమ్మ ఒక్క ప్రశ్న వేస్తుంది: స్నేహం చెడిపోతుందని న్యాయమైన మాట చెప్పడం మానేస్తావా నాయనా?

అల్గూ దగ్గర జవాబు లేదు. ఆవిడ వెళ్లిపోయినా ఆ మాట అతని మనసులో మోగుతూనే ఉంది. మనలో నిద్రపోతున్న ధర్మం ఉన్నదంతా దోచుకుపోయినా లేవదు గానీ, ఎవరైనా ఎదురుగా నిలబడి పిలిస్తే మాత్రం లేచి కూర్చుంటుందని ప్రేమ్‌చంద్ అంటాడు. నాకు ఈ కథలో ప్రాణం అక్కడే ఉంది. పంచాయతీలో ఆవిడ అల్గూనే సర్పంచ్‌గా కోరుకుంటుంది, జుమ్మన్ లోలోపల సంబరపడతాడు. తీర్పు మాత్రం అతనికి వ్యతిరేకంగా వస్తుంది. స్నేహం చెడిపోతుంది.

తర్వాత ఒక ఎద్దు బాకీ గొడవలో అల్గూ తీర్పు కోసం నిలబడాల్సి వస్తుంది. ఈసారి సర్పంచ్ జుమ్మన్. పగ తీర్చుకునే అవకాశం చేతికందింది. కానీ ఆ స్థానంలో కూర్చోగానే దాని బరువు అతనికి తెలిసొస్తుంది. అల్గూకే న్యాయం చేస్తాడు.

(తెర మీద: నేల చెక్కల మీద ఒక కుర్చీ)

అడిగేవాళ్లే లేకపోతే? 1843లో అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో రాసిన ‘ది టెల్‌టేల్ హార్ట్’ చూడండి. ఒక ముసలాయన్ని చంపి నేల చెక్కల కింద దాచినవాడు, పోలీసులు వస్తే తన కుర్చీని సరిగ్గా ఆ చెక్కల మీదే వేసుకుని కూర్చుంటాడు. వాళ్లేమో మామూలు కబుర్లలో ఉన్నారు. ఇతని చెవిలో గుండె చప్పుడు. అది పెరిగి పెరిగి, చెక్కలు పీకి చూడమని తనే అరిచేదాకా వస్తుంది. గొప్ప కథే. కాకపోతే మనస్సాక్షి వచ్చేసరికి ప్రాణం పోయింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మూడో కథ.

(తెర మీద: మంచులో ఆగిన గుర్రబ్బండి)

ఫ్రెంచ్ రచయిత మొపాసా 1880లో రాసిన ‘బూల్ ద స్వీఫ్’. ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) సైన్యం ఆక్రమించిన ఫ్రాన్స్ ఊరు వదిలి పదిమంది బండిలో వెళ్తున్నారు. అందులో ఎలిజబెత్ వేశ్య. దారిలో అందరికీ ఆకలేస్తుంది. తిండి తెచ్చుకున్నది ఆవిడ ఒక్కతే. మొహం చిట్లించుకున్నవాళ్లకే తన బుట్ట తెరిచి పెడుతుంది. ఖాళీ అయ్యేదాకా తింటారు.

సత్రం దగ్గర శత్రు అధికారి బండి ఆపేస్తాడు. ఎలిజబెత్ తన దగ్గరికి వస్తేనే వదులుతానంటాడు. ఆవిడ ఒప్పుకోదు. మొదట అందరూ ఆవిడ పక్షమే. రోజులు గడిచేకొద్దీ స్వరం మారుతుంది. బైబిల్ కథల్లోని యూడిత్, ఈజిప్టు రాణి క్లియోపాత్రా అంటూ పాతకాలం నుంచి త్యాగాల ఉదాహరణలు తీస్తారు. ఉద్దేశం మంచిదైతే తప్పు పని కూడా మెచ్చదగ్గదే అవుతుందని ఒక సన్యాసిని అంటుంది. ఎవరూ గొంతు పెంచరు. అంతా మర్యాదగానే. అల్గూని లేపడానికి ఒక్క ప్రశ్న చాలింది. ఇక్కడ మనస్సాక్షిని నిద్రపుచ్చడానికి ఇన్ని వాదనలు కావాల్సి వచ్చాయి.

ఆవిడ లొంగిపోయిన రాత్రి వాళ్లు విందు చేసుకుంటారు. మీరు చేసింది నీచమని తోటి ప్రయాణికుడు కోర్నుదే ఒక్కడే అంటాడు. పని జరిగిపోయాక.

మర్నాడు బండి కదులుతుంది. కంగారులో ఎలిజబెత్ తిండి తెచ్చుకోలేదు. అందరూ ఎవరి పొట్లాలు వాళ్లు విప్పుతారు. ఆవిడ వైపు ఎవరూ చూడరు. కోర్నుదే కూడా తన ఉడికించిన గుడ్లు తినేసి, దేశభక్తి గీతం ఈల వేయడం మొదలుపెడతాడు. చీకట్లో ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య ఆవిడ వెక్కిళ్లు వినిపిస్తుంటాయి.