పూలు ఎప్పుడు పూస్తాయో పోల్ పెట్టి తేల్చలేం | స్కాజిట్ ట్యులిప్స్ ఫ్యామిలీ ట్రిప్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? వెనకాల వినిపిస్తున్నది మా కుక్కర్, దాన్ని పట్టించుకోకండి. మార్చి వచ్చిందంటే చాలు, సియాటిల్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: "ట్యులిప్స్‌కి ఎప్పుడు వెళ్దాం?" ఒక పక్క ఉగాది ప్రోగ్రాముల రిహార్సల్స్, ఇంకో పక్క పిల్లల స్ప్రింగ్ బ్రేక్, పైగా ఇండియా నుంచి దిగిన పెద్దవాళ్లు. ఎవరో ఒకరు పోల్ పెడతారు. అందరూ శనివారం మీద నొక్కేస్తారు. ఆ శనివారానికి పూలు ఉంటాయా అని మాత్రం ఒక్కరూ అడగరు.

మా ఇంట్లో ఈసారి అత్తయ్య, మామయ్య కూడా ఉన్నారు. వాళ్లది కడియం దగ్గర. కడియం, కడియపులంక అంటే నర్సరీలకు పెట్టింది పేరు కదా. పూలమొక్కల మధ్యే పుట్టి పెరిగిన మనిషిని పూలు చూపించడానికి తీసుకెళ్లడం అంటే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. "ఏముందమ్మా, మన ఊళ్లో రోడ్డు పక్కనే ఉంటాయి" అంటే నా పరువేం కావాలి?

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ముందు సంగతేంటో చెప్తాను. స్కాజిట్ వ్యాలీ సియాటిల్‌కి ఉత్తరాన అరవై మైళ్ల దూరం. ట్యులిప్ ఫెస్టివల్ 1984 నుంచి జరుగుతోంది, ఇప్పుడు ఏటా ఏప్రిల్ 1 నుంచి 30 దాకా పెడుతున్నారు. ఫెస్టివల్ అనగానే మన జాతరలా ఒక గేటు, ఒక గ్రౌండు ఉంటాయనుకోకండి. మౌంట్ వెర్నన్, లా కానర్ ఊళ్ల మధ్య పొలాలు విడివిడిగా ఉంటాయి, కార్లో తిరుగుతూ చూసుకోవాలి. పైగా పంట మార్పిడి చేస్తారు కాబట్టి ట్యులిప్ పొలాలు ఏటా చోటు మారతాయి. నిరుడు మీ ఫ్రెండ్ పంపిన లొకేషన్ పట్టుకుని వెళ్తే అక్కడ ఉత్త దుక్కి కనిపించవచ్చు.

టికెట్ పెట్టి లోపలికి వెళ్లి చూసే తోటలు వేరే. వాటిలో పెద్దది రూజన్‌గార్డ్. డచ్ మూలాలున్న రూజన్ కుటుంబానిది. డిస్‌ప్లే గార్డెన్‌లోనే ఏటా పది లక్షలకు పైగా దుంపలు చేత్తో నాటుతారట. గాలిమర పక్కన ఫోటోలు దిగేది ఇక్కడే. ట్యులిప్ టౌన్ ఇంకొకటి. రెండూ ఒకే రోజు చూసేయాలని కూర్చోకండి. పిల్లలకు మొదటి గంట తర్వాత ఎర్ర పువ్వైనా పసుపు పువ్వైనా ఒకటే. మా వాడైతే పూల కన్నా బురద గుంటలనే ఎక్కువ మెచ్చుకున్నాడు.

ఇక అసలు విషయానికొస్తాను. ఫెస్టివల్ తేదీలు మనుషులు పెట్టుకున్నవి. పూల తేదీ ఫిబ్రవరి, మార్చి నెలల చలి పెడుతుంది. ట్యులిప్ దుంపని శరదృతువులో నాటుతారు, చలికాలమంతా అది చల్లటి నేలలో పడుకోవాలి. మార్చిలో ఎండలు గట్టిగా కాస్తే త్వరగా లేస్తుంది, చలి పట్టి ఉంటే బద్ధకిస్తుంది. అందుకే ఒక ఏడాది ఏప్రిల్ మొదటి వారానికే పొలాల నిండా రంగులు పరుచుకుంటాయి, ఇంకో ఏడాది అదే వారం పచ్చటి ఆకులు తప్ప ఏమీ ఉండదు. సాధారణంగా నెల మధ్యలో వెళ్తే నిరాశ పడే అవకాశం తక్కువ. తొందరగా పూసే రకాలు, ఆలస్యంగా పూసే రకాలు కలిపి వేస్తారు కాబట్టి ఎంతో కొంత ఎప్పుడూ ఉంటుంది. కానీ "ఎంతో కొంత" చూడటానికి మోకాళ్ల నొప్పులున్న మామయ్యను కారెక్కించడం నాకిష్టం లేదు.

అందుకని నేను చేసే పని ఇది. ఏప్రిల్‌లో రెండు రోజులు క్యాలెండర్‌లో బ్లాక్ చేసి పెడతాను, రెండూ వీక్‌డేసే. మార్చి చివరి నుంచి తోటలవాళ్లు పెట్టే బ్లూమ్ అప్‌డేట్లు, ఫోటోలు చూస్తుంటాను. ఏ పొలంలో ఎంతవరకు పూసిందో వాళ్లే చెప్తారు. అది చూశాకే టికెట్. టికెట్ ఆన్‌లైన్‌లో ఫలానా తేదీకని ఇస్తారు కాబట్టి ముందే కొని కూర్చుంటే ఆ తేదీకి కట్టుబడాల్సిందే. మా ఆయన "వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని లంచ్ లోపు వచ్చేద్దాం" అన్నారు. అది అయ్యే పని కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. చివరికి లీవే పెట్టారు.

వీకెండ్ తప్ప కుదరదనేవాళ్లకి ఒక మాట. ఐ-5 హైవే మీద అందరూ 226, 230 ఎగ్జిట్ల దగ్గరే దిగుతారు, శనివారం మధ్యాహ్నం అక్కడ కార్లు బారులు తీరి ఉంటాయి. మేము దక్షిణం నుంచి వెళ్తాం కాబట్టి 221 దగ్గర, కాన్వేలో దిగిపోతాం. అక్కడి నుంచి ఫర్ ఐలాండ్ రోడ్డు మీదుగా లా కానర్ వైపు వెళ్లొచ్చు. రోడ్డు చిన్నదే, కానీ మనసుకి హాయిగా ఉంటుంది. రెండు పక్కలా పొలాలు, నది పొంగకుండా కట్టిన గట్లు, ఆకాశం తేటగా ఉంటే దూరంగా మౌంట్ బేకర్ మంచు. చలికాలంలో ఈ ఫర్ ఐలాండ్ పొలాల్లోనే రష్యాలోని రాంగెల్ ద్వీపం నుంచి వచ్చిన స్నో గీస్ అనే తెల్ల బాతులు వేల సంఖ్యలో దిగుతాయి. పిల్లలకు పక్షులంటే ఇష్టమైతే జనవరిలో ఒక పూట దానికే కేటాయించండి. టికెట్ లేదు, జనమూ తక్కువ. నన్నడిగితే ట్యులిప్స్ కంటే అదే బాగుంటుంది, కానీ ఈ మాట మా గ్రూపులో అంటే కొట్టేలా ఉన్నారు.

పొద్దున్నే వెళ్లాలా, ఆలస్యంగా వెళ్లాలా అని చాలామంది అడుగుతుంటారు. ఇందులో చిన్న చిక్కుంది. చల్లగా ఉన్నంతసేపు ట్యులిప్స్ ముడుచుకునే ఉంటాయి, కాస్త వెచ్చబడితేనే విచ్చుకుంటాయి. పొద్దున్నే వెళ్తే జనం ఉండరు కానీ పూలు గుప్పిట మూసుకుని ఉంటాయి. పదకొండు దాటాక పూలు తెరుచుకుంటాయి, పార్కింగ్ నిండిపోతుంది. మేము గేటు తెరిచే వేళకి వెళ్లి, ముందు ఖాళీగా ఉన్న చోట్ల పెద్దవాళ్లని తిప్పి, తర్వాత ఒక బెంచీ మీద కూర్చోబెట్టి విచ్చుకోవడం చూశాం. మబ్బు పట్టిందని ట్రిప్ మానేయకండి. మబ్బు వెలుతురులో ఫోటోలు బాగా వస్తాయి, ఎండ ముదిరితే పూలు త్వరగా రాలిపోతాయి కూడా.

బట్టల సంగతి. పట్టుచీర కట్టుకుని ఫోటోలు దిగాలని నాకూ ఉంటుంది, మా అత్తయ్యకీ ఉంది. కట్టుకోండి, తప్పేం లేదు. కానీ కింద గమ్ బూట్లు వేసుకుని కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి. ఏప్రిల్‌లో ఇక్కడి నేల ఎప్పుడూ తడే. స్కాజిట్ నది ఒండ్రుమట్టి అది, కాలికి పట్టుకుందంటే వదలదు. మా అత్తయ్య కంచి పట్టు, నా పాత బూట్లు, పైన మా ఆయన ఆఫీసు జాకెట్‌తో దిగిన ఫోటో చూసి రాజమండ్రిలో మా ఆడపడుచు అరగంట నవ్విందట. స్ట్రోలర్ ఉన్నవాళ్లు పెద్ద చక్రాలది తెచ్చుకోండి. కుక్కల్ని ఇంట్లో వదిలేసి రండి, చాలా తోటల్లోకి రానివ్వరు. రోడ్డు పక్కన కనిపించిన పొలంలోకి దిగిపోకండి, అవి రైతుల సొంత పొలాలు. రెండు వరసల మధ్య పడుకుని రీల్స్ తీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు లేచాక అక్కడ విరిగిన కాడల్ని ఎవరు నిలబెడతారు?

అత్తయ్య సంగతి చెప్పాలి. తోటలోకి అడుగుపెట్టగానే "ఆహా" అంటారని కెమెరా రెడీగా పెట్టుకున్నాను. ఆవిడ పూలవైపు చూడలేదు. వంగి చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపారు. "ఇసక పాలుంది, దుంపకి మంచిది" అన్నారు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని ఒక పువ్వు వాసన చూశారు, ఏమీ రాలేదు. "ఇంత అందం పెట్టి వాసన లేకపోవడమేంటే" అని నాకేసి చూశారు, అదేదో నేను దాచేసినట్టు. కొంచెం ముందుకెళ్తే గార్డెన్ అవతలి పొలంలో ఒక పట్టీలో కాడలున్నాయి, తలలు లేవు. కత్తిరించిన రంగురంగుల రేకులు సాళ్ల మధ్య కుప్పలుగా పడి ఉన్నాయి.

"ఇదేంటమ్మా, పూసిన పూలన్నీ కోసి పారేశారు?"

"అమ్మే పూలయితే మొగ్గలో ఉండగానే కోసేస్తారు అత్తయ్యా. ఇలా పూర్తిగా విచ్చేదాకా వదిలేవి దుంపల కోసం. రంగు, రకం సరిచూసుకున్నాక పువ్వు తీసేస్తే బలమంతా కిందికి పోతుంది."

"అంతేనా! మన లిల్లీ దుంపల్లాగే అన్నమాట. పువ్వు మనకి, దుంప రైతుకి." అక్కడి నుంచి ఆవిడ టూరిస్టు కాదు, ఇన్‌స్పెక్టర్. ఎన్ని అంగుళాల లోతులో పెడతారు, ఎప్పుడు తవ్వుతారు, ఎలా ఆరబెడతారు అంటూ నన్ను దుబాసిగా పెట్టుకుని అక్కడ పనిచేసే ఒక పెద్దాయన్ని వదల్లేదు. ఎండాకాలం మొదట్లో ఆకులు ఎండిపోయాక మెషీన్‌తో తవ్వి, సైజుల వారీగా వేరు చేస్తారని ఆయన ఓపిగ్గా చెప్పారు. మామయ్య మాత్రం బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లని చూస్తూ "సగం మంది మనవాళ్లే ఉన్నారే" అని లెక్కలేస్తున్నారు.

భోజనానికి డిసెప్షన్ పాస్ (పైన పెద్ద వంతెన ఉన్న ఇరుకు జలసంధి) వెళ్లాం, హైవే 20 మీద పడమటికి అరగంట పైన పడుతుంది. స్టేట్ పార్క్ కాబట్టి కారుకి డిస్కవర్ పాస్ అనే పార్కింగ్ పర్మిట్ ఉండాలి. ఏడాది పాస్ 2025 అక్టోబర్ నుంచి 45 డాలర్లు. దాని మీద రెండు కార్ల నంబర్లు రాసుకోవచ్చు, ఒకసారికి ఒక కారుకే వాడాలి. ఏడాదిలో నాలుగైదు పార్కులు తిరిగేవాళ్లకి అదే నయం. వంతెన దాటకముందే బౌమన్ బే వైపు తిరిగితే పిక్నిక్ బల్లలు, పిల్లలు రాళ్లు ఏరుకోవడానికి బీచ్ ఉంటాయి. పులిహోర, దద్దోజనం, ఆవకాయ, ఒక డబ్బాలో చేగోడీలు. బయట తిందామంటే పిల్లలకు పిజ్జా సరే, పెద్దవాళ్ల కోసం వెతుక్కోవడంలోనే పూట గడిచిపోతుంది. గాలి గట్టిగా వీస్తుంది, పేపర్ ప్లేట్ల బదులు స్టీలు పళ్లాలు తెచ్చుకోండి.

తర్వాత వంతెన. 1935లో కట్టారు, కింద నీళ్లకి 180 అడుగుల ఎత్తు. నడిచే దారి సన్నగా ఉంటుంది, పక్కనే లారీలు వెళ్తుంటే వంతెన అదురుతుంది. కళ్లు తిరిగేవాళ్లని బలవంతపెట్టకండి. అత్తయ్య నాలుగడుగులు వేసి "నాకు గోదావరి బ్రిడ్జి చాలు" అని వెనక్కి తిరిగారు. మామయ్య మటుకు అవతలి కొసదాకా వెళ్లొచ్చారు. పోటు, పాటు సమయాల్లో నీళ్లు అంత ఇరుకు సందులోంచి సుడులు తిరుగుతూ పోవడం పైనుంచి చూడాల్సిందే.

మిగతా సీజన్ల గురించి కామెంట్లలో అడుగుతున్నారు కదా, గబగబా చెప్పేస్తాను. మనుషులు తేదీ పెట్టినవైతే వీలైనంత ముందు బుక్ చేయండి, ప్రకృతి పెట్టినవైతే చివరి వారం దాకా ఆగండి. లెవెన్‌వర్త్ ఊళ్లో క్రిస్మస్ లైట్లు మొదటి రకం. డిసెంబర్‌లో అక్కడ రూమ్ కావాలంటే ఎండాకాలంలోనే చూసుకోవాలి, స్టీవెన్స్ పాస్ కొండదారి దాటాలి కాబట్టి కార్లో చైన్లు పెట్టుకోవాలి. సెక్విమ్ లావెండర్ జులైలో, అది మధ్యరకం, ఫెస్టివల్ వీకెండ్ వదిలేసి మామూలు రోజు వెళ్లినా పొలాలు ఊదాగానే ఉంటాయి. మౌంట్ రెయినియర్ కొండ మీద పారడైజ్ అనే చోట అడవి పూలు జులై చివర నుంచి ఆగస్టు మధ్యలో, అది పూర్తిగా మంచు కరగడం మీదే ఆధారం. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో నార్త్ కాస్కేడ్స్‌లో లార్చ్ చెట్లు బంగారు రంగుకి తిరుగుతాయి. కానీ కొండెక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో ఆ ప్లాన్ వద్దు.

ఇంటికొచ్చాక అత్తయ్య కొత్త పేచీ మొదలుపెట్టారు. నాలుగు దుంపలు సూట్‌కేసులో పెట్టుకెళ్తానని. దుంపలు, మొక్కలు ఇండియాకి అలా తీసుకెళ్లకూడదు, దిగుమతి పర్మిట్, ఫైటోసానిటరీ సర్టిఫికెట్ ఉండాలని చెప్పాను. తీసుకెళ్లినా కడియం ఎండకి చలి ఎక్కడి నుంచి తెస్తారు? "ఫ్రిజ్‌లో పెడతాను" అన్నారు. మామయ్య పేపరు లోంచి తల పైకెత్తకుండా "పాలు ఎక్కడ పెట్టుకోవాలి మరి" అన్నారు.

చివరికి మా బ్యాక్‌యార్డ్‌లోనే వేద్దామని ఒప్పందానికొచ్చాం. అక్కడా చిక్కే. మా వీధిలో జింకలు తిరుగుతాయి, ట్యులిప్ అంటే వాటికి పాయసం. డాఫోడిల్స్‌ని మాత్రం ముట్టవు, అవి వాటికి విషం. అత్తయ్య కాసేపు ఆలోచించి, కంచె పక్కన డాఫోడిల్స్, కిటికీ కింద వల కట్టి ట్యులిప్స్ అని గీత గీసిచ్చారు. తోటలవాళ్లు ఇప్పుడే ఆర్డర్ తీసుకుని అక్టోబర్ వేళకి దుంపలు పంపుతారు. అప్పటికి అత్తయ్యావాళ్లు ఇండియాలో ఉంటారు, కాబట్టి నాటేది నేను, వీడియో కాల్‌లో లోతు కొలిచేది ఆవిడ. ఆ వీడియో కూడా పెడతాను. కుక్కర్ ఆపాలి, ఉంటానండీ.