వెయిట్‌లిస్ట్ అంటే క్యూ కాదు: అమెరికా కాలేజీ నుంచి ఆ ఉత్తరం వచ్చాక ఏం చేయాలి

[తెర మీద: ల్యాప్‌టాప్‌లో కాలేజీ పోర్టల్. "స్టేటస్ అప్‌డేట్" నొక్కగానే ఉత్తరం తెరుచుకుంటుంది.]

మార్చి నెలాఖరు. ఉత్తరంలో "అభినందనలు" లేదు, "విచారిస్తున్నాం" అనీ లేదు. మీ పేరు వెయిట్‌లిస్ట్‌లో ఉంచుతున్నాం, ఉంటారో లేదో చెప్పండి అని ఉంది. అమెరికాలో ట్వెల్త్ గ్రేడ్ పిల్లలున్న మన తెలుగు ఇళ్లలో ఇది చూడగానే అమ్మానాన్నలు అడిగే మొదటి మాట: "నంబర్ ఎంత?"

నంబర్ ఉండదు. అసలు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

[తెర మీద: రైలు టికెట్ బొమ్మ. వెయిటింగ్ 34, తర్వాత 12, తర్వాత ఆర్‌ఏసీ.]

వెయిటింగ్ లిస్ట్ అనగానే మనకు రైలు టికెట్ గుర్తొస్తుంది. ముందున్నవాళ్లు క్యాన్సిల్ చేసుకుంటే మనం ముందుకు జరుగుతాం, చార్ట్ వేసేసరికి బెర్త్ దొరుకుతుంది. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగూ ర్యాంకు వరుసే. అమెరికా కాలేజీల్లో చాలావాటికి ఈ వరుస లేదు. పేర్లన్నీ ఒక గంపలో ఉంటాయి. ఖాళీ ఎక్కడ పడితే ఆ ఖాళీకి సరిపోయే పేరు తీస్తారు.

లెక్క చూద్దాం. ఒక కాలేజీకి ఈ ఏడాది 1,500 మంది కావాలనుకోండి. పిలిచినవాళ్లలో నూటికి 30 మంది చేరతారని అనుభవం మీద తెలుసు కాబట్టి 5,000 మందికి సీటిచ్చారు. మే 1 సాయంత్రానికి 1,440 మందే చేరతామని డిపాజిట్ కట్టారు. 60 ఖాళీలు. ఆ 60 ఎక్కడున్నాయన్నదే ముఖ్యం. చరిత్ర, సంగీతం విభాగాల్లో తక్కువ పడ్డారా? ఇంజనీరింగ్‌లో అమ్మాయిలు తగ్గారా? వేరే రాష్ట్రం నుంచి పూర్తి ఫీజు కట్టి వచ్చేవాళ్లు తగ్గారా? మన పిల్లలు ఎక్కువగా అడిగే కంప్యూటర్ సైన్స్ చాలాచోట్ల ముందే నిండిపోతుంది. కాబట్టి 60 ఖాళీలున్నా మీ అబ్బాయికి పిలుపు రాలేదంటే, వాడు 61వ వాడని కాదు. వాడికి తగిన ఖాళీ పడలేదని.

ఇంకో సంగతి. పై వరుస కాలేజీ ఒకటి తన గంపలోంచి యాభై మందిని పిలిస్తే, ఆ యాభై మంది అప్పటికే ఇంకెక్కడో డిపాజిట్ కట్టి ఉంటారు. అక్కడ యాభై ఖాళీలు. వాళ్లు మళ్లీ తమ గంపలో చెయ్యి పెడతారు. ఈ కదలిక మే రెండో వారం నుంచి జూన్ దాకా సాగుతుంది, కొన్నిచోట్ల జూలైలోనూ.

[తెర మీద: 20 శాతం, 7 శాతం.]

అవకాశం ఎంత? అమెరికాలో అడ్మిషన్ కౌన్సెలర్ల జాతీయ సంఘం నాకాక్ 2018 అడ్మిషన్ల మీద ఇచ్చిన లెక్క ప్రకారం, వెయిట్‌లిస్ట్‌లో ఉంటామన్నవాళ్లలో సగటున 20 శాతం మందికి సీటొచ్చింది. వడపోత గట్టిగా ఉండే కాలేజీల్లో మాత్రం 7 శాతమే. మన ఇళ్లలో వెయిట్‌లిస్ట్ మాట వచ్చేది ఎక్కువగా ఈ రెండో రకం కాలేజీల గురించే.

సగటుతో సరిపెట్టుకోకుండా మీ కాలేజీ లెక్కే చూడండి. గూగుల్‌లో కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని కొట్టండి. అందులో సీ2 అనే భాగంలో మూడు అంకెలుంటాయి: ఎంతమందికి వెయిట్‌లిస్ట్ ఇచ్చారు, ఎంతమంది ఉంటామన్నారు, ఎంతమందిని తీసుకున్నారు. ఉదాహరణకు 4,000, 2,500, 50 అని ఉందనుకోండి. 50ని 4,000తో కాదు, 2,500తో భాగించాలి. రెండు శాతం వస్తుంది. ఒక్క ఏడాది చూసి ఆగకండి, వరసగా నాలుగేళ్లు చూడండి. ఒక ఏడు సున్నా, మరో ఏడు మూడొందలు కూడా ఉంటాయి. లిస్ట్‌కు ర్యాంకు ఉందా లేదా అన్నదీ ఆ పక్కనే రాసి ఉంటుంది.

[తెర మీద: క్యాలెండర్. ఏప్రిల్ మధ్య, మే 1 గుండ్రంగా చుట్టి ఉన్నాయి.]

ఇక చేయాల్సినవి. ఉత్తరం వచ్చినంత మాత్రాన పేరు లిస్ట్‌లో చేరదు. చాలాచోట్ల పోర్టల్‌లోకి వెళ్లి "ఉంటాను" అని నొక్కాలి. దానికి గడువుంటుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లకైతే ఎక్కడికక్కడ విడిగా చెప్పాలి, గడువు సాధారణంగా ఏప్రిల్ మధ్యలోనే పడుతుంది. బాధలో ఉత్తరం మూసేసి, ఈ బటన్ సంగతే మరిచిపోయిన పిల్లలకు తర్వాత దారి ఉండదు.

రెండోది, అన్నిటికంటే పెద్దది: సీటు ఇచ్చిన కాలేజీల్లో ఒకదానికి గడువులోగా డిపాజిట్ కట్టండి. ఎక్కువ కాలేజీలకు అది మే 1. వెయిట్‌లిస్ట్ తేలాక కడదాంలే అని ఆగితే రెండూ పోవచ్చు. ఒక కాలేజీలో డిపాజిట్ కట్టి ఇంకోచోట వెయిట్‌లిస్ట్‌లో ఉండటం తప్పేమీ కాదు. రెండు కాలేజీలకు డిపాజిట్ కట్టడం తప్పు, తెలిస్తే రెండుచోట్లా సీటు పోవచ్చు. వెయిట్‌లిస్ట్ నుంచి పిలుపొస్తే మొదట కట్టిన డబ్బు మామూలుగా తిరిగి రాదు. ఆ కొన్ని వందల డాలర్లు పోయినట్టేనని ముందే అనుకోండి.

[తెర మీద: ఖాళీ కాగితం మీద కర్సర్.]

ఇప్పుడు ఉత్తరం. దీన్ని "లెటర్ ఆఫ్ కంటిన్యూడ్ ఇంట్రెస్ట్" అంటారు. ముందు కాలేజీ ఏం చెప్పిందో చదవండి. కొన్ని కాలేజీలు ఏమీ పంపొద్దంటాయి. అక్కడ పంపితే చెప్పిన మాట వినరన్న పేరు తప్ప ఏమీ రాదు. కొన్ని పోర్టల్‌లో ఫారం ఇస్తాయి, ఆ ఫారమే నింపాలి. ఏ నిబంధనా లేకపోతే మీ ప్రాంతాన్ని చూసే అడ్మిషన్ ఆఫీసర్‌కు ఒక పేజీ, 300 నుంచి 400 పదాలు. ఏప్రిల్‌లోనే పంపేయాలి.

పిల్లలు ఎక్కువగా రాసేది ఇలా ఉంటుంది: "మీది నా కలల కాలేజీ. మీ ర్యాంకింగ్, మీ క్యాంపస్ నాకెంతో ఇష్టం." కాలేజీ పేరు తీసి ఇంకో పేరు పెట్టి చూడండి. వాక్యం అలాగే అతుకుతుంది. అలా అతికే ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి.

పనికొచ్చేది ఇలా ఉంటుంది: "జనవరిలో అప్లికేషన్ పంపాక మా రోబో చేయి మోటారు వేడెక్కి మ్యాచ్ మధ్యలో ఆగిపోయేది. గేర్ నిష్పత్తి మార్చి మూడు వారాలు పరీక్షించాం, ఇప్పుడు చివరిదాకా ఆడుతోంది. మీ మెకానికల్ విభాగంలో మొదటి ఏడాది నుంచే డిజైన్ ప్రాజెక్టు ఉందని చూశాను. నేను చేయాలనుకున్నది అదే." అప్లికేషన్ తర్వాత జరిగిన కొత్త విషయం, ఆ కాలేజీలోనే దొరికే ఒక పని. ఈ రెండూ ఉంటే చాలు. అప్లికేషన్‌లో ఉన్న పాత అవార్డులు మళ్లీ ఎక్కించొద్దు.

"సీటిస్తే తప్పకుండా చేరతాను" అన్న మాటకు బలముంది, నిజమైతేనే. ఆ మాట ఒక్క కాలేజీకే రాయాలి. మూడు చోట్ల రాస్తే, రేపు స్కూల్ కౌన్సెలర్‌కు ఫోన్ వచ్చినప్పుడు ఆయన ఏం చెప్పాలి? అందుకే పంపే ముందు కౌన్సెలర్‌కు చూపించండి, మూడో క్వార్టర్ మార్కులు కాలేజీకి పంపమని కూడా అడగండి.

అమ్మానాన్నలకు ఒక్క మాట. మీరు ఫోన్ చేయకండి. ఈమెయిల్ మీ అమ్మాయే రాయాలి, ఫోన్ వచ్చినా తనే మాట్లాడాలి. గుడి ట్రస్టీ, తెలుగు సంఘం అధ్యక్షుడు, ఆఫీసులో పైవాడు ఇచ్చే సిఫారసు లేఖలు మేలు చేయవు. మే నెలలో నిజంగా కొత్త సంగతేదైనా ఉంటే నాలుగు వాక్యాల ఈమెయిల్ ఇంకొకటి పంపొచ్చు. అంతకు మించితే విసిగించడమే. మార్కులు మాత్రం జారనివ్వకండి. మే మొదటి రెండు వారాలు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు. చేతిలో ఉన్న సీటు కూడా చివరి ట్రాన్‌స్క్రిప్ట్ (స్కూలు మార్కుల పత్రం) మీదే ఆధారపడి ఉంటుంది.

[తెర మీద: ఫోన్‌లో ఈమెయిల్ నోటిఫికేషన్ సెట్టింగ్.]

పోర్టల్ రోజుకు ఇరవై సార్లు తెరిచే పిల్లలున్నారు. దానికి మందు, కాలేజీ ఈమెయిల్‌కు విడిగా మోత పెట్టి, స్పామ్‌లో పడకుండా ఆ అడ్రస్‌ను కాంటాక్ట్స్‌లో కలపడం. మోత రాకపోతే కొత్తేమీ లేనట్టే. తెలియని నంబర్ నుంచి వచ్చే ఫోన్ మాత్రం మే, జూన్ నెలల్లో ఎత్తండి.

ఉగాది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తుంది. సంఘం వేడుకలో పచ్చడి చేతిలో పెడుతూనే "ఏ కాలేజీ అమ్మా?" అని అడుగుతారు. చేరబోయే కాలేజీ పేరు, బ్రాంచి పేరు చెప్పండి, అక్కడితో ఆపేయండి. వెయిట్‌లిస్ట్ గురించి చెప్పాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. వాళ్ల ముందు మీరు "ఇంకా చూస్తున్నామండీ" అన్నారంటే, డిపాజిట్ కట్టిన కాలేజీ మీకు నచ్చలేదని వాళ్లకు అర్థమైపోతుంది. ఆ కాలేజీ హౌసింగ్ ఫారం, ఓరియంటేషన్, గణితం ప్లేస్‌మెంట్ పరీక్ష, అన్నీ గడువులోనే చేయించండి. హాస్టల్ గది వరుసలో వెనకపడితే ఆగస్టులో బాధపడేది వాళ్లే.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ (యూటీ) ఆస్టిన్ నుంచి క్యాప్ ఆఫర్ రావచ్చు: ఏడాది వేరే యూటీ క్యాంపస్‌లో చదివి ఆస్టిన్‌కు మారే దారి. అది హామీ ఇచ్చేది లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సీటుకే. కంప్యూటర్ సైన్స్‌కో ఇంజనీరింగ్‌కో హామీ అనుకుని ఒప్పుకోకండి.

[తెర మీద: రెండు నిలువు వరుసలు. 24,000 డాలర్లు, 58,000 డాలర్లు.]

పిలుపు వస్తే జవాబుకు చాలాచోట్ల కొద్ది రోజులే ఇస్తారు. అందుకే డబ్బు లెక్క ఏప్రిల్‌లోనే వేసుకోవాలి. మెరిట్ స్కాలర్‌షిప్‌లు అప్పటికి పంచేసి ఉంటారు. మామూలు రౌండ్‌లో ఆర్థిక స్థితి చూడని కాలేజీల్లో కొన్ని, వెయిట్‌లిస్ట్ దగ్గర చూస్తాయి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదు. స్కాలర్‌షిప్ పోను మొదటి కాలేజీ ఏడాదికి 24,000, పిలిచిన కాలేజీ 58,000 అయితే తేడా నాలుగేళ్లకు 1,36,000 డాలర్లు. ఆ సంఖ్య కాగితం మీద రాసి, పిల్లలతో కూర్చుని, "ఇంతైతే వెళ్దాం, ఇంతకు మించితే వద్దు" అని ముందే తేల్చుకోండి.

పిలుపు వచ్చిన రోజు అడగాల్సినవి నాలుగు: సాయం లెక్క రాతపూర్వకంగా ఎప్పుడిస్తారు, అడిగిన బ్రాంచేనా, క్యాంపస్‌లో గది దొరుకుతుందా, ఓరియంటేషన్ ఎప్పుడు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అప్లై చేసినవాళ్లకు ఇంకోటి కూడా: కొత్త ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఎన్ని రోజుల్లో వస్తుంది. దాని మీద సెవిస్ నంబర్ (విదేశీ విద్యార్థుల రికార్డుకు అమెరికా ప్రభుత్వమిచ్చే నంబర్) మారుతుంది, వీసా ఇంటర్వ్యూ దాన్నిబట్టే చూసుకోవాలి. జూలైలో వచ్చిన సీటు వీసా స్లాట్ దొరక్క చేజారవచ్చు.

చేరాలనుకుంటే ముందు కొత్త కాలేజీలో సీటు ఖాయం చేసుకోండి. ఆ తర్వాతే పాత కాలేజీకి సీటు వదులుకుంటున్నామని రాసి పంపి, హౌసింగ్ ఒప్పందం రద్దు చేయించండి. చివరి ట్రాన్‌స్క్రిప్ట్ ఎక్కడికి పంపాలో కౌన్సెలర్‌కు చెప్పడం మరవకండి, జూన్‌లో స్కూళ్లకు సెలవులిచ్చేస్తారు.

పిలుపు రాకపోతే? కాలేజీ లిస్ట్ మూసేదాకా ఆగాలనేం లేదు. జూన్ 15 అనో జూన్ 30 అనో పిల్లలే ఒక తేదీ పెట్టుకోవచ్చు. ఆ రోజు పోర్టల్‌లో "వెయిట్‌లిస్ట్ నుంచి తొలగించండి" అన్న లింక్ వాళ్లే నొక్కాలి. లింక్ లేకపోతే అడ్మిషన్ ఆఫీసర్‌కు రెండు వాక్యాల ఈమెయిల్ చాలు: పరిశీలించినందుకు ధన్యవాదాలు, నేను ఫలానా కాలేజీలో చేరుతున్నాను.