వంటింటి స్కేలు రివ్యూ: కేలరీల లెక్క తప్పేది ఎక్కడంటే...

నమస్కారమండీ. ఇవాళ బల్ల మీదున్నది ఎస్ఎఫ్-400 అని రాసి వచ్చే తెల్ల ప్లాస్టిక్ స్కేలు. పది కిలోల దాకా తూస్తుంది, ఒక్కో గ్రాము తేడా చూపిస్తుంది, ఐదొందల లోపే దొరుకుతుంది. బరువు తగ్గడానికి కేలరీలు లెక్కేసుకునేవాళ్లు కొనొచ్చా అంటే, కొనొచ్చు. ఫోన్‌తో కలిసే ఖరీదైన రకాలు అక్కర్లేదు. అవి అంకె పంపిస్తాయంతే, ఆ అంకె బియ్యానిదో అన్నానిదో మనమే చెప్పాలి.

ముందు ఇది నిజం చెబుతోందో లేదో చూద్దాం. పది రూపాయల బిళ్ల ఒకటి 7.71 గ్రాములు. పది బిళ్లలు పెడితే 77 రావాలి. ఒక గ్రాము అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఇప్పుడు బిళ్లలు తీసి, నీళ్లతో నిండిన తపేలా మూతతో సహా పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నా చేయండి. మళ్లీ అవే బిళ్లలు తపేలా మూత మీద పెట్టండి. మళ్లీ అదే 77, ఒక గ్రాము అటూ ఇటూగా, రాకపోతే ఆ స్కేలు తిప్పి పంపించేయండి.

దీని బుద్ధులు కొన్ని తెలుసుకోవాలి. సున్నా చేశాక పంచదార చిటికెడు చిటికెడు వేస్తూ పోతే ఒక్కోసారి ఏమీ చూపించదు. సున్నా దగ్గర కొద్దికొద్దిగా మారే బరువుని ఇది తన ఊగిసలాట అనుకుని సర్దేసుకుంటుంది. కాబట్టి ఒక్కసారే వేయండి. పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెట్టకండి, వేడికి అంకె జరుగుతుంది. చెక్క పీట పెట్టి సున్నా చేసి, దాని మీద పెట్టండి. మిల్లీలీటర్లలో చూపించే రకాలూ ఉన్నాయి. ఆ లెక్క నీళ్లకి సరిపోతుంది గానీ, నూనె లీటరుకి 910 గ్రాముల చిల్లరే, అక్కడ పనికిరాదు. ఇంకోటి, మన డెల్టా చెమ్మకి బ్యాటరీ రేకులకి చిలుం పడుతుంది. అంకెలు నిలవకపోతే ఫ్యాను ఆపి చూడండి, తర్వాత ఆ రేకులు పొడిగుడ్డతో తుడవండి.

ఇక అసలు సంగతికి వద్దాం. నూనె! గ్రాముకి 9 కేలరీలు. రోజుకి 500 కేలరీలు తగ్గించి తిందామనుకున్న మనిషికి, లెక్కలోకి రాని నూనె 30 గ్రాములుంటే 270 అక్కడే పోయాయి. గరిటెతో కొలిస్తే ఇది పట్టుబడదు. నూనె సీసాని స్కేలు మీద పెట్టి సున్నా చేయండి. మూకుట్లో పోసుకుని సీసా మళ్లీ పెట్టండి. మైనస్ 38 అని వస్తే, మీరు పోసింది 38 గ్రాములు. ఇంతకన్నా తేలిక పద్ధతి లేదు. బజ్జీలకి, గారెలకి కూడా ఇదే. వేయించాక మిగిలింది చల్లార్చి, వడకట్టి సీసాలో పోసి తూచండి. ఆ తగ్గిందే తిన్న నూనె.

రొయ్యల ఇగురు తీసుకుందాం. రొయ్యలు కొన్న బరువు రాయకండి. తల, పొట్టు పోతే దాదాపు సగమే మిగులుతుంది. వలిచాక తూస్తే అర కిలో అనుకుందాం. వంద గ్రాములకి సుమారు 90 చొప్పున 450 కేలరీలు. ఉల్లిపాయలు 200 గ్రాములు, ఒక 90. నూనె 50 గ్రాములు, 450. చూశారా, రొయ్యలెంతో నూనే అంత! అల్లం వెల్లుల్లితో కలిపి మొత్తం 1000 అనుకోండి. దించాక మూకుడుతో సహా తూచి, ఖాళీ మూకుడు బరువు తీసేయండి. ఖాళీ బరువు ముందే తూచి చెరగని మార్కరుతో పిడి మీద రాసుకుంటే రోజూ ఈ గొడవుండదు. ఇగురు 650 గ్రాములు వచ్చిందంటే, గ్రాముకి 1.54. మీరు 150 గ్రాములు వడ్డించుకుంటే 230. వడ్డించే ముందు అడుగు నుంచి కలపాలి సుమా. నూనె తేలకపోతే ఇగురే కాదనే ఊళ్లు మనవి, పైది తీసుకున్నవాళ్లకి ఎక్కువ పడుతుంది. చేపల పులుసుకైతే తిన్నాక ముళ్లు తూచి తీసేయండి.

అన్నం దగ్గర తప్పు వేరే రకం. పచ్చి బియ్యం వంద గ్రాములకి 356 కేలరీలు. ఫోన్లో కేలరీలు లెక్కేసే యాప్‌లో అన్నం అని కొడితే వందకి 130 అని వస్తుంది. బియ్యం తూచి అన్నం కింద రాస్తే వందకి 226 మాయం. పోనీ అన్నమే తూచి 130 వేద్దామంటే, పాత బియ్యం నీళ్లు ఎక్కువ తాగుతాయి, కొత్తవి తక్కువ. 300 గ్రాముల బియ్యం 900 గ్రాముల అన్నమైతే వందకి 119, 780 అయితే 137. అందుకే బియ్యం తూచి, వండాక అన్నం తూచి, భాగించుకోవడమే. గంజి వారిస్తే కాస్త తగ్గుతుంది, అది వదిలేయొచ్చు.

యాప్‌లో జనం ఎక్కించిన అంకెలు చాలా ఉంటాయి, ఒక్కో కూరకి నాలుగు రకాలు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు నమ్మకమైనవి. కాకపోతే వాటిలో శక్తి కిలోజూళ్లలో ఉంటుంది. బియ్యానికి 1491 అని చూసి కంగారు పడకండి, 4.184తో భాగిస్తే అదే 356.

బీరకాయ, ఆనపకాయ, గోంగూర... వీటికి స్కేలు తీయక్కర్లేదు. కొబ్బరికి మాత్రం తీయండి. ముదురు కొబ్బరి వందకి 350 పైమాటే, పచ్చడిలో ఎంత పడిందో కంటికి తెలీదు. ఆత్రేయపురం పూతరేకులో నెయ్యి నాలుగో వంతుంటే గ్రాముకి 5 దాటుతుంది. ఒకటి తూచి రాసుకుని తినండి, మానక్కర్లేదు.

షుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడక్కుండా తిండి తగ్గించకండి. మిగతావాళ్లు రోజూ పొద్దున్నే బరువు చూసుకుని వారం సగటు వేసుకోండి. ముందు రోజు ఆవకాయ ఉప్పుకే కిలో అటూ ఇటూ అవుతుంది. మూడు నాలుగు వారాలైనా సగటు కదలకపోతే ముందు నూనె సీసా, తర్వాత టీలో పాలు, పంచదార మళ్లీ తూచండి. పెళ్లి భోజనం చేసిన రోజు ఖాళీగా వదలకండి. ఖాళీ రోజుని లెక్కలోంచి తీసేసి సగటు వేస్తే తక్కువ తిన్నట్టు కనిపిస్తుంది. కాస్త ఎక్కువే తిన్నట్టు వేసేయండి. స్కేలు కొన్న డబ్బా, బిల్లు దాచుకోండి. బిళ్లల పరీక్ష మాత్రం రిటర్న్ గడువు లోపే.