జైలు జాగలో 24 అంతస్తులు

సభకు నమస్కారం. మన వరంగల్‌లో అన్నిటికన్నా ఎత్తైన ఆఫీసు భవనం చరిత్ర చెప్పమన్నారు. వెతికితే తేలిందేమిటంటే, మన ఆఫీసులకు ఎత్తు మీద పెద్దగా మోజు లేదు. 2020 జనవరిలో మడికొండలో మొదలైన ఐటీ కంపెనీలు గానీ, 2021 జూన్ 21న ప్రారంభమైన హనుమకొండ కలెక్టరేట్ గానీ పొట్టి భవనాలే. సరిగ్గా ఆ కలెక్టరేట్ ప్రారంభమైన రోజే, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మరో శంకుస్థాపన చేశారు. అదే 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి. కాబట్టి నేను దాని గురించే మాట్లాడతాను, ఏమనుకోకండి.

అది కట్టిన నేల మామూలు నేల కాదు. 1886లో, నిజాం కాలంలో, అక్కడ సెంట్రల్ జైలు వెలిసింది. దొంగలతో పాటు రాజకీయ ఖైదీలనూ అందులో పెట్టారు. ఖైదీలు మగ్గాల మీద జంపఖానాలు నేసేవారు. వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినప్పుడు అందరూ నేతగాళ్ల పేట కొత్తవాడ పేరు చెప్పుకున్నారు, న్యాయమే. జైలు మగ్గాల సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

2021 వేసవిలో ఖైదీలను వేరే జైళ్లకు తరలించారు. కొద్ది రోజుల్లోనే గోడలు కూల్చేశారు. 135 ఏళ్ల కట్టడం అంత తొందరగా పోవడం నాకు నచ్చలేదు, ఈ మాట దాచుకోను. కనీసం ఒక్క బ్యారక్ ఉంచి ఉండాల్సింది. ఆజంజాహి బట్టల మిల్లు విషయంలోనూ అంతే చేశాం. 1934లో పెట్టిన మిల్లు, ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టిన మిల్లు, ఇప్పుడు పేరుగానే మిగిలింది.

అయితే ఆసుపత్రి అవసరం లేదని ఎవరంటారు? ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి, ఇంకా దూరం నుంచి కూడా, రాత్రనక పగలనక మన పెద్ద సర్కారు ఆసుపత్రి ఎంజీఎంకే వస్తారు. అక్కడ మంచం దొరకడమే అదృష్టం. అందుకే కొత్తదాన్ని 2,000 పడకలతో తలపెట్టారు. మొదట 1,100 కోట్లు మంజూరు చేశారు. ఆ తర్వాత ఖర్చు గురించి, గడువుల గురించి నడిచిన రాజకీయం మీకందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

నాకు టెన్షన్ పెట్టేది ఎత్తు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం 15 మీటర్లు, అంతకు మించితేనే ఎత్తైన భవనం. 24 మీటర్లు దాటితే, మంటలొచ్చినప్పుడు జనం ఆగి తలదాచుకోవడానికి ప్రత్యేక జాగా ఉండాలి. ఆఫీసులో మంటలొస్తే మెట్లు దిగి పారిపోతారు. ఆక్సిజన్ మీద ఉన్న రోగి దిగలేడు కదా. స్ట్రెచర్ పట్టే లిఫ్టులు, కరెంటు పోయినా నడిచే లిఫ్టులు, పై అంతస్తులకు ఎక్కే నీళ్లు, వీటి నిర్వహణకు ఏటా డబ్బు కావాలి. కట్టడానికి ఒకసారి మంజూరు చేస్తే సరిపోదు. ఎంజీఎంలో లిఫ్టు కోసం నిలబడ్డవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

చివరగా ఒక విన్నపం. మీలో ఎవరింట్లోనైనా జైల్లో నేసిన జంపఖానా గానీ, ఆ పాత గోడల ఫొటో గానీ ఉంటే, బయటికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గరున్న పిల్లలకు మీ ఫోన్ నంబరు రాయించండి. మేమే ఇంటికి వచ్చి ఫొటో తీసుకుని వెళ్తాం, వస్తువు మీ దగ్గరే ఉంటుంది.